రత్నమ్మక్క నాలుక

వేడెక్కిన కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పడ్డప్పుడు ఒక వాసన వస్తుంది. అది నూనె వాసన కాదు, ఇంకా సబ్బు వాసనా కాదు. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టు, ముక్కులోకి దూరి గొంతులో కూర్చుంటుంది. పోయిన ఆదివారం పొద్దున మా వంటింట్లోంచి ఆ వాసన వచ్చేసరికి చేతిలోని పేపరు జారిపోయింది. ఎనభై దాటినవాళ్ళ చేతిలోంచి ఏది జారినా వయసు మీదకే తోసేస్తారు గనుక ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. నేనే లేచి వంటింటి గడప దాకా వెళ్ళాను.

మనవరాలు మధు పొయ్యిగట్టు ముందు నిలబడి స్టీలు గిన్నెలో గరిటె తిప్పుతోంది. తిప్పుతోందనడం నాకు దాని మీద ఉన్న ప్రేమ. నిజానికి గరిటె నిటారుగా బిగుసుకుపోయి ఉంటే, అది రెండు చేతులతో పీకుతోంది. పక్కన ఫోనులో ఎవరో అమ్మాయి నవ్వుతూ, ఇంట్లో సబ్బు చేసుకోవడం ఎంత సులువో చెబుతోంది.

"అవ్వా, ఇదేంది, రెండు నిమిషాల్లో కట్టి అయిపోయింది! ఆమె చూడు, దోసెపిండి మాదిరి పోస్తుంది. నాకు మట్టుం ఎందుకు ఇట్ట అయ్యేది?"

సబ్బు తొందరపడి గడ్డకట్టడానికి నాకు తెలిసి నాలుగు కారణాలు. నూనె వేడిగా ఉండటం, నూనె పాతబడటం, కలిపిన పరిమళం పడకపోవడం, కాస్టిక్ ఎక్కువ కావడం. ఆ నాలుగో కారణం నోటితో చెప్పడానికి ఒకప్పుడు నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలకు ఒక మనిషి తన కుడిచేతితో వెల కట్టాడు. అతని భార్యే నాకు సబ్బు చేయడం నేర్పిన రత్నమ్మక్క. ఆమె ఫొటో నా దగ్గర లేదు. ఆమె ఎప్పుడూ తీయించుకున్నట్టు లేదు. ఉన్నదల్లా ఒక మందుసీసా. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, మద్రాసు తమిళులకు మిగిలి, మేము మద్రాసుకు మిగిలిన రోజులవి. పెరంబూరులో రైలుపెట్టెల కొత్త ఫ్యాక్టరీ గోడలు లేస్తున్నాయి. మా ఆయన పాత వర్క్‌షాపులో గుమాస్తా. నాకు ఇరవై ఒకటి. ఎస్సెల్సీ ప్యాసయిన కోడలిని తెచ్చుకున్నామని మా అత్తగారు వీధంతా చెప్పుకునేది గాని, ఆ చదువును ఏం చేసుకోవాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పచ్చడి జాడీల మీద చీటీలు రాసి అంటించేదాన్ని. ఆవకాయను చూసినవాళ్ళెవరూ అది ఆవకాయేనా అని అడగరు. అయినా రాసేదాన్ని.

ఒక మధ్యాహ్నం పొడుగ్గా, నల్లగా, తెల్ల మిల్లుచీర కట్టుకున్న ఒకామె మా వాకిట్లో నిలబడింది. మెడలో నల్లతాడు, దానికి చిన్న వెండి సిలువ. మా వీధి చివర తాటాకు కప్పిన రేకుల షెడ్డులో సబ్బులు చేసే క్రిస్టియన్ ఆమె అని తెలుసు గాని, అంతకుముందు ఎన్నడూ మాట్లాడలేదు. చేతిలో ఒక ఉత్తరం ఉంది.

"అమ్మణ్ణీ, ఇంగ్లీషు చదువుతావంట గదా. ఇదేందో చూస్తావా?"

తిరువొత్తియూరు దాటాక సముద్రపు ఒడ్డున కుష్ఠురోగుల నివాసం ఒకటి ఉండేది. ఉత్తరం అక్కడి డాక్టరు రాసినది. పోయిన నెల పంపిన సబ్బుతో రోగుల పుండ్లు శుభ్రంగా కడగగలుగుతున్నామని, ఇకమీదట నెలనెలా పంపమని ఉంది. అడుగున ఒకే ఒక వాక్యం వేరుగా ఉంది. దాన్ని చదివి నేను గొంతు తగ్గించాను.

"మీ ఆయన బాగున్నారట. వార్డులో సాయం చేస్తున్నారట."

ఆమె ఉత్తరం వైపు చూడలేదు, నా చేతుల వైపు చూసింది. ఆ కాగితాన్ని నేను కింద పడేస్తానో, కొంగుతో చేయి తుడుచుకుంటానో చూస్తోందని నాకు అర్థమైంది. మడత పెట్టి ఆమె చేతికే ఇచ్చాను. ఆ ఒక్క పనీ నేను సరిగ్గా చేశానని ఇప్పటికీ అనుకుంటాను.

"ఈడ ఎవురికీ చెప్పబాకమ్మా. ఆయన బెజవాడలో ఉద్యోగమని చెప్పుండా. తెలిస్తే ఈ ఇల్లు గూడా ఖాళీ చేయిస్తారు. ఇప్పటికి రెండిళ్ళు అయినై."

"చెప్పను," అన్నాను. చెప్పకుండా ఉండటంలో నేను గట్టిదాన్నని ఆ రోజే తేలింది. ఆ గట్టితనమే తర్వాత కొంప ముంచింది.

ఆయన పేరు దానియేలు. వర్క్‌షాపులో ఫిట్టరు. చేతి మీద మచ్చలు బయటపడ్డాక పనీ పోయింది, క్వార్టర్సూ పోయింది. నివాసంలో చేరాక, తనకంటే ముదిరినవాళ్ళ కాళ్ళు రోజూ పొద్దున్నే కడిగి కట్లు కట్టే పని తనే అడిగి తీసుకున్నాడు. ఆ కాళ్ళకు బట్టలుతికే సబ్బు వాడటం చూసి, రత్నమ్మక్క ఒక మిషన్ నర్సు దగ్గర సబ్బు చేయడం నేర్చుకుంది. ఉత్తరం చదివిన వారానికి నేను ఆమె షెడ్డులో తెడ్డు తిప్పుతున్నాను. మా ఆయన ఏమీ అనలేదు. మా అత్తగారు మాత్రం రెండు షరతులు పెట్టింది. ఆడికి పోయివచ్చినాక పెరట్లో తలకు పోసుకునే లోపలికి రావాల, ఆడ పచ్చి మంచినీళ్ళు గూడా తాగకూడదు. నేను రత్నమ్మను అక్కా అని పిలుస్తున్నానని తెలిసిన రోజు, "సబ్బు కలపమని పంపితే వరసలు కలుపుకొని వచ్చినావా?" అంది. మా అత్తగారి దగ్గర మాటలకు ఎప్పుడూ కొదవ లేదు.

మొదటి రోజే ఒక విచిత్రం చూశాను. నెల్లాళ్ళు ఆరిన సబ్బుబిళ్ళ ఒకటి తీసి రత్నమ్మక్క నాలుక చివరతో తాకింది. కళ్ళు మూసుకుని కాసేపు ఆగింది. ఇంకొకటి తీసింది. తట్టకు నాలుగైదు చొప్పున అలా అన్ని తట్టలూ చూసింది. ఆమె నాలుక కొన మీద చింతగింజంత తెల్లని మచ్చ ఉంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"కారం మిగిలుంటే చురుక్కుమంటాది. మనకైతే సబ్బు మండితే అరుస్తాం, కడిగేసుకుంటాం. వాళ్ళ తోలుకు నొప్పి తెలీదమ్మణ్ణీ. అరవరు. చూసుకునేలోపల తోలు ఊడొస్తాది. అందుకని వాళ్ళకు బదులు నేను అరవాల."

ఆమె కారం అనేది కాస్టిక్ నీళ్ళను. దాన్ని ముందురోజే కలిపి, పెద్ద జాడీలో పోసి, మరునాటికి పూర్తిగా చల్లారనిచ్చేది. ఇన్ని చెంబుల నూనెకు ఇన్ని చెంబుల కారం అని లెక్క. కానీ జార్జి టౌన్ నుంచి తెచ్చే కాస్టిక్ రేకులు మద్రాసు గాలి సోకితే చాలు, డబ్బాలోనే చెమట పట్టి నీరుగారేవి. తూకం వేస్తే సగం గాలిలోని తడినే తూచినట్టు. అందుకని ఆమె తూకాన్ని నమ్మేది కాదు, కోడిగుడ్డును నమ్మేది. తాజా గుడ్డును ఆ నీళ్ళలో వదిలితే తేలుతుంది. పైకి కనిపించే పెంకు సరిగ్గా వెండి రూపాయంత ఉండాలి. తక్కువ కనిపిస్తే కారం చాలలేదు, ఇంకొన్ని రేకులు వేయాలి. ఎక్కువ కనిపిస్తే కారం మించింది, నీళ్ళు పోయాలి. పక్కన పెట్టి చూడటానికి రాజు బొమ్మ ఉన్న పాత రూపాయి ఒకటి గూట్లో ఉండేది. ఆ షెడ్డులో రాజుగారికి ఇంకా ఉద్యోగం పోలేదు.

కొన్ని నెలలకు, ఎండలు ముదిరాక, రత్నమ్మక్క వారానికి రెండుసార్లు మధ్యాహ్నం రైల్లో తిరువొత్తియూరు వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళే ముందు జాడీ నాకు అప్పగించింది. "రేపటి కారం నువ్వే చూడు. గుడ్డు బియ్యపు కుండలో ఉండాది."

నేను కోమటింటి పిల్లని. మా వంటింట్లో గుడ్డు అన్న మాటను కూడా గొంతు తగ్గించి పలికేవాళ్ళు. ఆమె వెళ్ళాక కుండలో చేయి పెట్టాను. వేళ్ళకు నున్నగా, చల్లగా తగిలింది. వెంటనే చేయి వెనక్కి లాక్కున్నాను. లోపల ప్రాణం కదిలినట్టు అనిపించింది. కదిలింది గుడ్డు కాదు, మా అత్తగారి ముఖం. తలకు ఎన్ని చెంబులు పోసుకున్నా ఆవిడ కనిపెడుతుందని భయం. ఇంటికి పరుగెత్తి, బుట్టలోంచి నిమ్మకాయంత బంగాళాదుంప ఒకటి కొంగులో కట్టుకొచ్చాను. అదీ గుండ్రమే, అదీ తేలుతుంది. దుంప జాడీలో మునిగీ మునగనట్టు ఊగింది, పైకి అణాబిళ్ళంతే కనిపించింది. రూపాయంత కావాలి గదా. కొన్ని రేకులు వేశాను. చల్లారాక మళ్ళీ చూశాను. ఇంకొన్ని వేశాను. దుంప రూపాయంత పైకి తేలేసరికి నా తెలివికి నేనే మురిసిపోయాను. లోకంలో మొదటి శాకాహార రసాయనశాస్త్రం నేనే కనిపెట్టానని అనుకున్నాను. దుంపను పెరట్లో పాతేసి, గుడ్డును ఎప్పటిలాగే కుండలో ఉంచాను.

మరునాడు నూనెలో కారం పోసి, తెడ్డు వేసి నూరు తిప్పులైనా తిప్పకముందే, బానలో సబ్బు ఉప్మాలా బిగుసుకుపోయింది.

"ఏందమ్మణ్ణీ ఇది, ఇంత సీక్రంగా గడ్డకట్టె! తెడ్డు చూడు, పాతిపెట్టినట్టు నిలబడిపోయింది." రత్నమ్మక్క వంగి బాన అంచు మీద చేయి పెట్టింది. "కారం చల్లారినాక చూసినావు గదా? గుడ్డు సరిగ్గా తేలిందా?"

"తేలిందక్కా," అన్నాను. దేన్ని తేల్చానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. "ఎండ ఎక్కువగా ఉంది, అందుకేమో."

ఆమె నమ్మింది. గడ్డకట్టిన ముద్దను పిడికిళ్ళతో అచ్చుల్లో కుక్కి, ఎండాక తురిమి బట్టల సబ్బుగా వాడుకుందామంది. చిక్కబడింది సబ్బు, చిక్కుబడింది నేను. రెండోసారి నూనెనూ కారాన్నీ బావినీళ్ళ తొట్టిలో పెట్టి చల్లార్చాం. అయినా బిగుసుకుంది. దుంప వల్లేనా అన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. రెండూ తేలేవే గదా, రూపాయి రూపాయే గదా అని దాన్ని అణిచేశాను. తెలియదు అని నాకు నేను చెప్పుకున్నది సగం నిజం. మిగతా సగం, తెలుసుకోవడం ఇష్టం లేదు.

రత్నమ్మక్క అనుమానం నూనె మీదికి పోయింది. ఇప్పనూనె పాతబడి పులిస్తే తొందరగా గడ్డకడుతుందని మిషన్ నర్సు చెప్పిందట. ఇద్దరం బస్సెక్కి జార్జి టౌన్ పోయాం. తోపుడుబండ్ల మధ్య సందు దూరి, నూనె కొట్టు ముందు నిలబడ్డాం. కొట్టు యజమాని బక్కపలచని ముసలాయన. ఆయనా మావాడే.

"శెట్టిగారూ, ఈ తడవ నూనె మక్కిపోయుండాది. పాత సరుకు కలిపినారు మీరు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వు నాకాడ ఎన్నేళ్ళుగా తీసకపోతుండావు రత్నమ్మా? ఒకనాడన్నా కలిపినానా?" డబ్బాలో వేలు ముంచి నాకి చూపించాడు. "ఇదిగో. ఇందులో యాడుండాది మక్కు? నోరుంది గదా అని నింద వేస్తే, ఇంక నా గడప తొక్కబాకు."

ఆయన ఆ వేలును పంచెకు తుడుచుకోవడం చూశాను. ఆ పూట నా కొంగులో దుంప లేదు. ఉన్నట్టే బరువుగా ఉంది. తిరుగుబస్సులో రత్నమ్మక్క కిటికీలోంచి చూస్తూ, "పెద్దాయనను తప్పుగా అన్నానేమో," అంది. నేను టిక్కెట్టును చిన్న చిన్న ముక్కలుగా చింపుతూ కూర్చున్నాను.

వేరే కొట్టు నూనె తెచ్చినా సబ్బు మారలేదు. పుండ్ల వాసన విరగడానికి కలిపే లవంగ నూనె మానేసింది. కాస్త నయమైంది. చివరికి ఆముదం వంతు పెంచింది. కారాన్ని దారంలా సన్నగా పోయించింది, తెడ్డు వేగం తగ్గించింది. ఆ రోజు సబ్బు పాయసంలా అచ్చుల్లోకి జారింది. రత్నమ్మక్క నవ్వింది. ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకూ గుండె తేలికైంది. సబ్బు కుదిరింది గనుక ఇక దుంప సంగతి చెప్పనక్కర్లేదని అనుకున్నాను.

కుదిరింది సబ్బు కాదు. సబ్బు తన లోపల ఏదో ఎక్కువైందని మూడుసార్లు బిగుసుకుని చెప్పింది. మేము దాని నోరు నొక్కేశాం, అంతే. ఎక్కువైన కారం లోపలే ఉండిపోయింది.

నెల్లాళ్ళు ఆరాక బిళ్ళల మీద తెల్లని పొడి పట్టింది. రత్నమ్మక్క కత్తితో గీకింది. ఎప్పటిలాగే ఒక బిళ్ళ నాలుకకు తాకించి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. రెండోది తీసింది. తర్వాత ఆ బిళ్ళను నా వైపు చాపింది.

"నువ్వు గూడా ఒకపారి నాలిక పెట్టి చూస్తావా అమ్మణ్ణీ?"

"నీ నాలుకుండగా నాదెందుకక్కా?" అని నవ్వాను. పరాచికాలాడుతోందని అనుకున్నాను. నిజానికి మా అత్తగారి రెండో షరతు గుర్తొచ్చింది. ఆమె చేయి కాసేపు అలా చాచే ఉంది. తర్వాత బిళ్ళను తట్టలో పెట్టి, "మంచిదే," అంది.

ఆ తట్టలు వెళ్ళిన రెండో వారంలో, శుక్రవారం తిరువొత్తియూరు వెళ్ళిన రత్నమ్మక్క సాయంత్రానికి రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి షెడ్డు గడప మీద కూర్చుని ఉంది. చీర అంచుకు ఇసుక. నన్ను చూసి, నేను అడగకముందే చెప్పింది, లెక్క అప్పగిస్తున్నట్టు.

"ఒక ముసలామె కాలు ఎర్రబడిందంట. ఈయన చూసి, సబ్బులో ఏందో ఉండాదని అందురి కాడా సబ్బు లాగేసి గోతిలో పారేసినాడంట. అందురి కాళ్ళూ దీపం పెట్టి చూసినాడంట. తన చేతులు చూసుకోలా." చీర అంచు ఇసుక దులుపుకుంది. "వారం దినాలు రోజంతా ఆ నురగలోనే గదా ఉండె. ఎడమచెయ్యి పరవాలేదు. కుడిచెయ్యి తోలంతా పోయి, లోపల చీము పట్టుండాది. డాక్టరు మణికట్టు కాడికి తీసేయాలంటుండాడు. ఆయన నవ్వుతుండాడు అమ్మణ్ణీ. నొప్పి లేదు గదా రత్నం, ఏడవబాకు అంటాడు."

నేను నోరు తెరిస్తే దుంప అన్న మాట వచ్చింది. ఎంత హాస్యాస్పదమైన మాట అది. ఒక మనిషి చేయి గురించి మాట్లాడుతుంటే మధ్యలో దుంప. ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మొదటి రోజు నుంచీ గుడ్డు ముట్టుకోలేదని, దుంపే వేశానని, ప్రతిసారీ అదేనని.

అరుస్తుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి, ఒక వెడల్పాటి గిన్నెలో జాడీలోని కారం పోసి, కుండలోంచి గుడ్డు తెచ్చింది. "దుంప తే," అంది. తెచ్చాను. రెండూ ఒకే నీళ్ళలో వదిలింది. దుంప మీద రూపాయంత తేలింది. పక్కనే గుడ్డు, పడవ బోర్లించినట్టు, అరచేతి గుంటంత పైకి లేచి ఊగుతోంది.

"రెండూ తేలినాయి గదా అనుకున్నానక్కా."

"తేలేదానికేముంది, పీనుగ గూడా తేలతాది. ఎంత తేలిందా అని గదా చూసేది! నీ దుంప చిన్నది. చిన్నదానికి రూపాయంత బయటికి రావాలంటే కారం ఎంత ముదరాల?" అప్పుడు నా వైపు చూసింది. "గుడ్డు ముట్టనని ఒక్క మాట చెప్పుంటే సరిపోయె. నేనేమన్నా తినమంటినా? దుంపకే ఒక గీత పెట్టుకుందుము. ఒక్క పూట పని."

అదే నన్ను ఈ రోజుకీ కాల్చేది. తిట్టి ఉంటే తిట్టును తుడిచేసుకునేదాన్ని. ఒక్క పూట పని అంది. ఒక్క పూట పనిని మొహమాటంతో మూడు నెలలు దాచాను.

నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. ఎదురుగా కూర్చుని, వేరే గొంతుతో అంది. "నేను గూడా ఒకటి చెప్పలా."

చేతిలోకి సబ్బుబిళ్ళ తీసుకుంది. ఆ పాపిష్టి తట్టల్లోంచి మిగిలినదే. నాలుక చాపి, నా కళ్ళ ముందే దాని మీద రుద్దింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"కారం తగిలి తగిలి నాలిక చచ్చిపోయుండాది. ఏడాదిగా. ఉప్పు తెలీదు, పులుపు తెలీదు. ముందర కొంచెం కొంచెం తెలిసేది, ఇప్పుడు అదీ లేదు. ఇది తెలిస్తే ఇంక నా సబ్బు ఎవురు తీసుకుంటారు, ఆ గేటులోకి నన్ను ఎవురు రానిస్తారు అని నోరు మూసుకున్నా. ఆ రోజు నిన్ను చూడమన్నది అందుకే. ఎందుకని నువ్వు అడిగుంటే చెప్పేద్దును. నువ్వు నవ్వితివి."

గిన్నెలో గుడ్డూ దుంపా మెల్లగా తిరుగుతూ ఒకదానికొకటి తగులుతున్నాయి. వాళ్ళాయన నొప్పి తెలియని చేతులకు కాపలాగా ఆమె పెట్టుకున్నది నొప్పి తెలియని నాలుకను. ఆ నాలుకకు కాపలా ఉండాల్సినదాన్ని నేను.

చేయి తీసేశారు. పుండు మానలేదు, జ్వరం పట్టుకుంది. ఐప్పసి మాసపు వానల్లో దానియేలు పోయాడు. చావుకు కారణం జ్వరమనే రాశారు. ఇంట్లో జార్జి టౌన్ పోతున్నానని చెప్పి నేను నివాసానికి వెళ్ళాను. అక్కడి ఇసుకలోనే పూడ్చారు. కట్లు కట్టిన కాళ్ళతో నడవగలిగినవాళ్ళంతా వచ్చారు. తడి ఇసుకలో వాళ్ళ అడుగులు చూస్తే, ఏ కాలు ఎంత మిగిలి ఉందో తెలుస్తోంది. రత్నమ్మక్క ఏడవలేదు. నన్ను ఎవరికీ ఏమని పరిచయం చేయలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, "రేపు పొద్దున్నే రా. వాళ్ళకు సబ్బు లేదు," అంది.

అంతకుముందే, నేను నిజం చెప్పిన మరునాడే, ఆమె చేసిన మొదటి పని జార్జి టౌన్ వెళ్ళడం. నన్ను వెంట రమ్మనలేదు. శెట్టిగారి గడప బయటే నిలబడి, తప్పు నాదేనని చెప్పి వచ్చిందట. నా పేరు ఎత్తలేదట. ఆయనే తర్వాత ఎప్పుడో నాకు చెప్పాడు, నాకేమీ తెలియదనుకుని.

దానియేలును పూడ్చి వచ్చిన మరునాడు నేను షెడ్డుకు పోగానే నేరుగా బియ్యపు కుండలో చేయి పెట్టి గుడ్డు తీశాను. అరచేతిలో పెట్టుకుని చూపించాను. మెప్పు కోసం కాదనుకున్నాను గాని, మెప్పు కోసమే. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసేసుకుంది.

"వద్దు. ఇష్టం లేకుండా పట్టుకుంటే ఇంకోనాడు ఇంకోటి దాస్తావు."

గుడ్డుకు బదులుగా, గూట్లోంచి ఒక చిన్న మందుసీసా తీసి ఇచ్చింది. అడుగున సీసపు గుళ్ళు పోసి, బిరడా పెట్టి, మైనంతో మూసి ఉంది. గుడ్డు సరిగ్గా రూపాయంత తేలే కారంలో దాన్ని నిలబెట్టి, నీటి మట్టం దగ్గర ఆకురాయితో గీత గీసి ఉంది. చేయి పోయి ఆయన జ్వరంతో ఉన్న వారాల్లో, షెడ్డుకూ నివాసానికీ మధ్య తిరుగుతూ చేసిందట. ఫిట్టరు పెళ్ళాన్ని గదా అంది. ఆయన మంచం పక్కన కూర్చుని, గాజు పగలకుండా గీత ఎట్లా గీయాలో, ఎంత లోతు గీయాలో ఆయన్నే అడిగి గీసింది. ఆ గీత ఎవరి కోసమో ఆయనకు తెలుసా అని నేను అడగలేకపోయాను.

ఆ తర్వాత నేను ఆమె దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. నన్ను క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. ప్రతిరోజూ, నూనెలో కారం పోయడానికి ముందు, చెంబు ఎత్తిపట్టుకుని ఒకే ప్రశ్న అడిగేది. "చెప్పకుండా ఉండేది ఏమన్నా ఉందా?" ఒక్కోసారి ఉండేది. నిన్న తెడ్డు కడగలేదని, నూనె డబ్బా మూత తెరిచి మరిచానని. చెబితే తల ఊపేది, అంతే. తిట్టు ఉండేది కాదు, అందుకే చెప్పడం వచ్చింది. సబ్బును నాలుకతో చూసే పని మాత్రం నాకిచ్చింది. మా అత్తగారి రెండో షరతు అలా ముగిసింది. మొదటిసారి చురుక్కుమన్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగి అరిచాను. పక్కనున్న రత్నమ్మక్క, "అదీ," అంది మెల్లగా. "అట్ట అరవాల."

ఆదివారం నాడు మధు పీకుతున్న గరిటెను నేను పట్టుకున్నాను.

"ఏమేం వేశావో చెప్పు. చెప్పకుండా ఉన్నది ఏమైనా ఉంటే అది ముందు చెప్పు."

అది నా ముఖం చూసింది. ఇంట్లో నేను ఎవరినీ అలా అడగను. "త్రాసు బ్యాటరీ అయిపోయింది అవ్వా," అంది చివరికి. "కాస్టిక్ కప్పుతో కొలిచా. అమ్మకు చెప్పబాక."

గిన్నె అంచుకు అంటి ఎండిన సబ్బు ముక్క ఒకటి గిల్లి, నాలుక చివరన పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు ఆగినా ఏమీ రాలేదు. వేడీ లేదు, చురుకూ లేదు, గోడను తాకినట్టుంది. ఇది నాకు కొత్త కాదు. కొన్నేళ్ళుగా ఇంతే. కూరలో ఉప్పెక్కువైందని కోడలు అంటే, సరిగ్గానే ఉందే అని వాదిస్తూ వస్తున్నాను.

మధు ఎదురుచూస్తోంది. "ఏమవ్వా, ఓకేనా?"

మంచిదే అన్న మాట నోటి దాకా వచ్చింది. ఎంత సులువైన మాట.

"నా నాలుకకు తెలియడం లేదమ్మా," అన్నాను. "చాలా రోజులుగా తెలియడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వు పెట్టి చూడు."

అది నవ్వలేదు. గోటితో చిన్న ముక్క తీసి, భయం భయంగా నాలుక చాపి తాకించింది. మరుక్షణం వంటిల్లు అదిరేలా అరిచింది.

"అదీ," అన్నాను.